ఆరు బకెట్లూ, మూడు రోజులూ

మా డాబా మీద మట్టి లేకుండా మొక్కలు పెంచబోతున్నామని తెలిసి కింద వాటా ఆవిడ నవ్వేశారు. "కోనసీమలో మట్టికి కరువొచ్చిందేంటండీ?" అన్నారు. అమలాపురంలో మేడ మీద అద్దెకుండేవాళ్లకి వచ్చిందండీ అన్నాను. మట్టి పోస్తే స్లాబు కారుతుందని ఇంటివారు ఒప్పుకోలేదు. బకెట్లయితే సరేనన్నారు.

ఆరు బకెట్లు కొన్నాం. కాలేజీలో సైన్సు చదువుతున్న మా అమ్మాయీ నేనూ ఒక ఆదివారం కూర్చుని మూతలకు గుండ్రంగా కంతలు కోశాం. ఒక్కో కంతలో చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీ దిగుతుంది. అందులో కొబ్బరి పీచు కూరి టమాటా, మిరప నారు నిలబెట్టాలి. కింద బకెట్లో ఎరువు కలిపిన నీళ్లుంటాయి. చేపల తొట్టెకు పెట్టే గాలి పంపు ఒకటి తెచ్చి, సన్నటి గొట్టాలతో ఆరింటికీ బుడగలు అందేలా చేశాం. మొదట్లో నీళ్లు కుండీ అడుగును తాకుతూ ఉండాలి. వేళ్లు కిందికి దిగాక మట్టం కాస్త తగ్గించి, వాటికి గాలి ఆడే చోటు వదలాలి. రోజూ సాయంత్రం మూతలెత్తి చూసి, తగ్గిన నీళ్లు పోసే పని అమ్మాయి తీసుకుంది.

పీచు మా అత్తగారి ఊరి నుంచి, మామిడికుదురు వైపు నుంచి, గోనెసంచిలో వచ్చింది. వాడేముందు రెండు మూడుసార్లు నానబెట్టి కడగాలని ఎరువు పొట్లం మీదే రాసి ఉంది. కొబ్బరి సంగతి కోనసీమ మనిషికి పొట్లం చెప్పాలా అనుకుని నేను కడగలేదు. సంచిలో కాస్త మిగుల్చుకుని నాలుగు కుండీలు నింపాను. ఒక టమాటాకీ ఒక మిరపకీ మాత్రం పాత ఇంటికప్పు పెంకు ముక్కలు నలగ్గొట్టి వేశాను, ఎలా ఉంటుందో చూద్దామని.

రెండో వారంలో మొక్కలు వాడిపోయాయి. ఆకుల అంచులు కాల్చినట్టు నల్లబడ్డాయి. మాతోనే ఉండే మా అత్తగారు మెట్లెక్కి వచ్చి, మొక్కల వంక కాదు, అమ్మాయి వంక చూశారు. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టారు.

"బయట చేరిన పిల్ల చేత నీళ్లు పోయిస్తే ఏ మొక్క బతుకుతుందమ్మాయ్?" అన్నారు నాతో.

ఈ మాటతో నాకు చిన్నప్పటి నుంచీ పోట్లాటే. రామచంద్రపురంలో మా నాన్నగారు నన్ను చర్చావేదికలకు తీసుకెళ్లేవారు. ముట్టయిన ఆడది తాకితే మల్లెతీగ మాడిపోతుందని ఒక పెద్దాయన వాదిస్తే, ఆ తీగకు పంచాంగం ఎవరు చదివి వినిపిస్తారని అడిగాను. సభంతా చప్పట్లు కొట్టింది. ఎన్నో వ్యాసాలు రాశాను. అవన్నీ ఉండగానే, ఆ సాయంత్రం మా అమ్మాయి డాబా మీదకు వెళ్లలేదు. మెట్ల మీద కూర్చుని, చిన్న గొంతుతో అంది.

"మామ్మ చెప్పింది నిజమేనేమోనమ్మా. నేను పోసేకే కదా వాడిపోయేయి."

నాకు కోపం నషాళానికెక్కింది, అత్తగారి మీద కంటే నా మీద ఎక్కువ. మొక్క చస్తే ఇంకో నారు తెచ్చుకోవచ్చు. తన ఒంట్లో ఏదో విషం ఉందని ఒకసారి నమ్మిన పిల్ల జీవితాంతం గుమ్మాల దగ్గర ఆగిపోతుంది. చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లాను. ఎన్ని బకెట్లలో పోశావని అడిగాను. ఆరింట్లోనూ అంది. వాడినవి ఎన్నో లెక్కపెట్టమన్నాను. నాలుగు. పెంకు ముక్కల్లో ఉన్న రెండూ నిగనిగలాడుతున్నాయి.

"మరి వీటికి నీ చెయ్యి తగల్లేదా?"

తనే మూతలెత్తింది. వాడిన నాలుగింట్లోనూ నీళ్లు డికాషన్‌లా ఉన్నాయి. సంచిలో మిగిలిన పీచు గుప్పెడు తీసుకుని గ్లాసుడు కుళాయి నీళ్లలో నానేసింది. మర్నాడు పొద్దున్నే నాలిక మీద చుక్క వేసుకుని చూసి, గ్లాసు నాకిచ్చింది. ఉప్పు. ఉప్పుటేటి నీళ్లలో నానేసిన కొబ్బరి డొక్కల నుంచి తీసిన పీచు మరి. మొక్కల్ని చంపింది నేను. ఆ మాట అత్తగారి ముందే చెప్పి, గ్లాసు ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ అబద్ధమాడే మనిషి కారు. రుచి చూసి ఉప్పేనన్నారు. గ్లాసు కింద పెట్టి, "ఉంటే ఉందిలే. ఇది ముట్టుకోకపోతే ఆ ఉప్పైనా ఏం చేసుండేది కాదు" అన్నారు.

అమ్మాయి పకపకా నవ్వింది. అత్తగార్ని గెలవాలన్న ఆశ నేను అక్కడితో వదిలేశాను. నాకు కావలసింది ఆ నవ్వు.

పీచును నీళ్లు తేటపడేదాకా కడిగి, మళ్లీ నాటాం. తర్వాతి నెల అత్తగారు వసారాలో మునగాకు దూస్తుంటే అమ్మాయి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మామ్మా, ఇవాళ బయట చేరేను. పైకెళ్లి నీళ్లు పోసొస్తాను. లెక్క రాసుకో."

"సిగ్గులేకపోతే సరి" అన్నారు ఆవిడ.

"సిగ్గుపడే పనేం చేసేను?"

ఆవిడ మునగాకు వైపు తిరిగిపోయారు. పిల్ల మెట్లెక్కింది.

ఆరు బకెట్లూ కాశాయి. ఆ టమాటాలు మాత్రం అత్తగారు తినరు, బజారువి తెప్పించుకుంటారు. తినకపోతే మానెయ్యండి, పిల్లని మెట్ల దగ్గర ఆపడం మాత్రం ఈ ఇంట్లో జరగదండి అని చెప్పేశాను. ఒకరోజు ఉండబట్టలేక, బజారు టమాటాలు కోసిన ఆడవాళ్లు ఏ రోజుల్లో కోశారో మీకు తెలుసా అని అడిగాను.

"అది నా కళ్లబడలేదు కదమ్మా" అన్నారు.

ఈ ఆచారం మొత్తం నిలబడింది ఆ ఒక్క మాట మీదే. అందుకే మా అమ్మాయి ప్రతి నెలా ఆవిడకు చెప్పి మరీ మెట్లెక్కుతోంది. కాస్త మెల్లగా మాట్లాడమని పిల్లకి చెప్పండని కింద వాటా ఆవిడ నాతో అన్నారు. నేను చెప్పను.