దమయంతికి అయిదుగురు మొగుళ్ళు

పెడనలో అద్దకం షెడ్లకు బోర్డులు లేని కాలం అది, తొంభైల మొదట్లో. మచిలీపట్నం నుంచి కొత్తవాళ్ళెవరైనా వచ్చి బస్సు దిగితే దారి అడగక్కర్లేదు, గుడ్డకు రంగు పట్టడానికి పాలల్లో నానబెట్టే కరక్కాయ వాసన పట్టుకుని నడిస్తే ఏదో ఒక షెడ్డుకు చేరేవారు. ఆ షెడ్లలో మనుషులు రెండు రకాలు: బల్ల దగ్గరివాళ్ళు, కాలవలోవాళ్ళు. బల్ల దగ్గరివాళ్ళు నీడపట్టున నిలబడి, రేడియో వింటూ, చెక్క అచ్చులు రంగులో ముంచి గుడ్డ మీద టపటపా అద్దేవారు. టీ వాళ్ళ దగ్గరికే వచ్చేది. కాలవలోవాళ్ళం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆ గుడ్డలు జాడించేవాళ్ళం. టీ దగ్గరికి మేమే వెళ్ళాలి, వెళ్ళేసరికి అది చల్లారి మీగడ కట్టి ఉండేది. మార్గశిరం చలిలో పొద్దున్నే కాలవలోకి దిగీ దిగీ నా అరికాళ్ళు ఎండాకాలపు చేనులా బీటలు వారిపోయాయి (దుప్పటి దారాలు ఆ పగుళ్ళలో చిక్కుకునేవి, అబద్ధం కాదు). దివిసీమ నుంచి కోడలిగా వచ్చి పదేళ్ళయి, ముప్పై దగ్గరపడుతున్న ఆ వయసులో నాకున్న ఆశ ఒక్కటే. ఎలాగైనా బల్ల దగ్గరికి చేరాలి.

కాలవలో ఉన్నా నాకు ఒక విషయంలో మాత్రం పెద్దరికం ఉండేది. కథలు నాకే వచ్చు. మా అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు గాని, మా వైపు శ్రీకాకుళం (జిల్లా కాదు, ఊరు) గుళ్ళో పురాణం చెబుతున్నారంటే కృష్ణ ఒడ్డున నడుచుకుంటూ వెళ్ళిపోయేది, నన్ను చంకనేసుకుని. విన్నదంతా నాట్లు వేస్తూ నాకు అప్పజెప్పేది. అందులోనూ రాణుల పెళ్ళిళ్ళంటే ఆవిడకు మహా ఇష్టం. అవే నేను కాలవలో జాడింపుకు ఒకటి చొప్పున చెప్పేదాన్ని. నా పక్కన నిలబడే బంటుమిల్లి వదిన (మాకు చుట్టరికం లేదు, వాళ్ళది బంటుమిల్లి, అంతే) ప్రతి పెళ్ళికీ తీర్పు ఇచ్చేది.

"విల్లు ఎక్కుపెడితేనే పిల్లనిస్తానన్నాడా జనకుడు? నయమే. మా నాన్న సైకిలు తొక్కడం వస్తే చాలన్నాడు. తీరా చూస్తే మీ అన్నయ్యకి అదీ రాదు."

దమయంతి స్వయంవరానికి నలుగురు దేవతలు అచ్చం నలుడి వేషంలో వచ్చి కూర్చున్నారనీ, ఎవరికి చెమట పట్టిందో అతనే మనిషని కనిపెట్టి ఆవిడ దండ వేసిందనీ చెబితే, "అలాగైతే మన షెడ్డులో ఉన్నవాళ్ళందరూ నలమహారాజులే" అంది. అన్నిటికన్నా వదినకి సావిత్రి పద్ధతి నచ్చింది. "రథమెక్కి వెళ్ళి కుర్రాణ్ణి తనే చూసుకుందా! మనకి కిటికీలోంచైనా చూపించారుటే?"

ఆ ఏడు గుడివాడ నుంచి ఒక పెద్ద పని వచ్చింది. అక్కడ కొత్తగా కల్యాణ మండపం కడుతున్న వాళ్ళ మామ్మగారు, గోడలకు వేలాడదీయడానికి అయిదుగురు రాణుల పెళ్ళి తెరలు కావాలని అడిగారు. సీత, ద్రౌపది, దమయంతి, రుక్మిణి, సావిత్రి. రెండు జతలు, ఒకటి మండపానికి, ఒకటి వాళ్ళింటికి. మాది మామూలుగా పూలూ లతలూ అద్దే షెడ్డు. అయినా మా మేస్త్రి, అందరం బాబాయ్ గారనేవాళ్ళం, ఒప్పుకుని బొమ్మలు వెదురు కలంతో తనే గీశారు. కింద వేసే పేర్లకు మాత్రం అయిదు చెక్క అచ్చులు చెక్కించారు. మొదటి జత నల్లగీతలు పూర్తయి, పేర్లు అద్దాల్సిన రోజునే, రంగు పట్టించే పటిక నిండుకుంది. తెచ్చుకోవడానికి ఆయన మచిలీపట్నం వెళ్తూ, బల్ల దగ్గరి మగవాళ్ళు ఏదో పెళ్ళికని వెళ్ళిపోయి ఉండటంతో, కాలవగట్టు మీదికి వచ్చి నిలబడ్డారు.

"మీలో చదువొచ్చినవాళ్ళెవరమ్మా?"

బల్ల ఖాళీగా ఉంది. రేడియో పాడుతోంది. నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

"నాకొచ్చండి బాబాయ్ గారూ."

బంటుమిల్లి వదిన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆయన అచ్చుల బుట్ట నా చేతికిచ్చి, "జాగ్రత్త తల్లీ. ఈ నలుపు ఒకసారి పడిందంటే చాకిరేవుకి కూడా లొంగదు. ఇది సరిగ్గా వేశావంటే ఇంక కాలవలోకి దిగక్కర్లేదు" అని బస్సెక్కేశారు.

బల్ల ముందు నిలబడ్డాను. అయిదు తెరలు, అయిదు అచ్చులు. బొమ్మలు చూడగానే ఏ రాణి ఎవరో ఇట్టే తెలిసిపోయింది. అచ్చుల మీదివి మాత్రం నాకు వట్టి చీమలబార్లు, ఒక్క అక్షరమూ రాదు. ఏది పైవైపో తెలియడానికి పిడి మీద చిన్న గాటు ఉంటుంది కాబట్టి తలకిందులు చేసే ప్రమాదం లేదు. మిగతాది బుర్ర పెట్టి ఆలోచించాను. (ఆలోచించకుండా వేసి ఉంటే రెండో మూడో కుదిరేవేమో.) పెళ్ళిని బట్టి పేరుంటుంది కదా, ఎవరి పెళ్ళి పెద్దదైతే వాళ్ళకి పెద్ద అచ్చు. అయిదుగురు భర్తలు ద్రౌపదమ్మకి గాక ఇంకెవరికి, కాబట్టి అన్నిటికన్నా పొడుగు అచ్చు ఆవిడకి వేశాను. సావిత్రి పెళ్ళి అడవిలో, కట్టెలు మోసుకునే సత్యవంతుడితో, నలుగురైనా లేని పెళ్ళి, కాబట్టి అన్నిటికన్నా బుల్లి అచ్చు ఆవిడకి. మిగిలిన మూడూ ఇంచుమించు ఒకే కొలత. కాస్త నిండుగా కనిపించింది సీతమ్మకు, ఇంకోటి దమయంతికి, ఆఖరున చేతిలో మిగిలింది రుక్మిణికి. మధ్యాహ్నానికి అయిదు తెరలూ దండెం మీద ఆరుతున్నాయి. టీ నా దగ్గరికే వచ్చింది. పొగలు కక్కుతూ. అంత రుచిగల టీ నేను మళ్ళీ తాగలేదు.

ఆ గ్లాసు కింద పెట్టకుండానే షెడ్డు ముందు కారు ఆగింది. గుడివాడ మామ్మగారు. పనెంతవరకు వచ్చిందో చూసిపోదామని వచ్చారట. సన్నగా, పొడుగ్గా, మందపాటి కళ్ళజోడుతో ఉన్నారు. ఆవిడ వెనకాలే బస్సు దిగి, పటిక సంచితో బాబాయ్ గారూ వచ్చారు. మామ్మగారు తిన్నగా దండెం దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సర్దుకున్నారు.

"మేస్త్రి గారూ, మత్స్యయంత్రం ఉంది, కొడుతున్న అర్జునుడున్నాడు, వెనకాల నలుగురు తమ్ముళ్ళూ అన్నలూ ఉన్నారు. కింద దమయంతి అని ఉందేమిటి?"

నన్ను కాపాడుదామని బంటుమిల్లి వదిన ముందుకొచ్చింది. "పెళ్ళికి పిలిస్తే వచ్చారేమోనండీ దమయంతి గారు."

మామ్మగారు ఆ మాట విననట్టే రెండో తెర దగ్గరికి జరిగారు. "ఇక్కడ ద్రౌపదట. మొగుళ్ళు అయిదుగురూ ఒక్క అచ్చులో పోసినట్టున్నారు. మరి ఈ సీతేమిటి, కట్టెలు కొట్టుకునే అబ్బాయికి దండ వేస్తోంది? రాముడి పక్కనేమో సావిత్రి! ఎవరు అద్దారివి?"

బాబాయ్ గారి మొహం పటికలా తెల్లబడింది. "చదువొచ్చన్నావు కదే!"

పారిపోదామంటే ముందు ఆవిడ కారుంది, వెనక కాలవుంది. ఏడుపు ఆపుకుంటూ ఒక్కొక్క తెర ముందుకూ వెళ్ళాను. "ఈవిడ ద్రౌపదమ్మండి. స్వయంవరమని పిలిచారు గాని, కొట్టినవాడికే పిల్ల అని ముందే పందెం పెట్టారండి. ఈవిడ దమయంతండి, ఒకేలాంటి అయిదుగురిలోంచి తనే ఏరుకుంది. సావిత్రమ్మకి వాళ్ళ నాన్నే చెప్పాడండి, నువ్వే వెళ్ళి వెతుక్కో అమ్మా అని. ఏడాదికి మించి బతకడన్నా మాట మార్చుకోలేదండి..." అంటూ అయిదు పెళ్ళిళ్ళూ చెప్పేశాను. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపడం అమ్మమ్మ నాకు నేర్పలేదు. "రాణులందరూ నాకు తెలుసండి. వాళ్ళ పేర్లు ఎలా ఉంటాయో తెలీదండి. కాలవలో కాళ్ళు పగిలిపోతున్నాయని అబద్ధమాడానండి."

"రేపట్నుంచి ఆ కాలవలోకే దిగు" అన్నారు బాబాయ్ గారు.

మామ్మగారు చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపారు. నా కాళ్ళ వైపు చూశారు, తర్వాత తెరల వైపు. "ఒక్కటి కరెక్టుగానే పడింది, గమనించారా? రుక్మిణి. ఆవిడకి రాత వచ్చు. తన పేరు తనే చూసుకుని ఉంటుంది."

"రాతేంటండీ? మా అమ్మమ్మ చెప్పిన కథలో బ్రాహ్మణుడు నోటితోనే చెప్పాడండి కృష్ణుడికి" అన్నాను, పరిస్థితి మర్చిపోయి. (కథ దగ్గర నేను ఎవరికీ తగ్గేదాన్ని కాదు.)

"నేను విన్న కథలో ఉత్తరం రాసింది. చేతికి రాత లేకపోతే ఆ పిల్ల శిశుపాలుడి ఇంట్లో అంట్లు తోముకుంటూ ఉండేది." ఆవిడ బాబాయ్ గారి వైపు తిరిగారు. "ఈ జత మా ఇంటికి. ఇలాగే రంగులు నింపి ఇచ్చెయ్యండి. రెండో జత మండపానికి. దాని మీద పేర్లు ఈ అమ్మాయే వెయ్యాలి. అచ్చుతో కాదు, కలంతో, తన చేత్తో రాయాలి. శ్రావణంలో మండపం తెరుస్తున్నాం. అప్పటికి రాలేదంటే నా గోడలు బోసిగానే ఉంటాయి. అన్నట్టు, కాలవలో దింపకండి. చలికి వేళ్ళు కొంకర్లు పోతే కలం పట్టుకోలేదు."

నాకు చదువు నేర్పమని అంతకుముందు ఎవరూ అడగలేదు. నేర్చుకోకపోతే గోడలు బోసిపోతాయని అసలే అనలేదు. దణ్ణం పెట్టడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను. కారు వెళ్ళాక వదినే నా చేతులు పట్టుకుని జోడించి, "ఇప్పుడు పెట్టు, దుమ్ముకైనా" అంది.

ఆ ఉత్సాహంలో బాబాయ్ గారిని బతిమాలి అయిదు అచ్చులూ ఇంటికి తెచ్చుకున్నాను. బడికి వెళ్ళడమెందుకు, చూసి రాసేసుకుంటే సరి. పదిహేను రోజులు పలక మీద దిద్ది దిద్ది, మగ్గం దగ్గరున్న మా ఆయనకు గర్వంగా చూపించాను. ఆయన నాలుగో తరగతి దాకా చదివాడు. పలక అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి గోడ మీది అద్దం తీసుకొచ్చి పలక ఎదురుగా పట్టుకున్నాడు. "ఆఁ, ఇప్పుడొచ్చారు సీతమ్మగారు" అన్నాడు. అచ్చు మీద అక్షరాలు ఎదురు తిప్పి చెక్కుతారనీ, గుడ్డ మీద పడితేనే సరిగ్గా వస్తాయనీ పదేళ్ళు ఆ షెడ్డులో ఉండి కూడా నాకు తట్టలేదు. ఆయన మూడు రోజులు నవ్వాడు. నాలుగో రోజున తనే నన్ను వెంటబెట్టుకుని, మా వీధి చివర సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతున్న టీచరమ్మ దగ్గర కూర్చోబెట్టి వచ్చాడు. నేను నేర్చుకున్నదంతా మర్చిపోవడానికి ఒక నెల పట్టింది. అసలు చదువు ఆ తర్వాత మొదలైంది.

ఆషాఢం మధ్యలో ఒక కార్డు కొనుక్కొచ్చి నా జీవితంలో మొదటి ఉత్తరం రాశాను. "మామ్మగారికి నమస్కారం. నాకు రాత వచ్చింది. రథం పంపండి." అంతే. టీచరమ్మ ఆరు తప్పులు చూపించింది, రథం ఒక్కటే ఒప్పుగా రాశానంది. రెండో కార్డు కొనే ఓపిక లేక అలాగే డబ్బాలో పడేశాను. వారం తిరగకుండా నిజంగానే కారు వచ్చింది. బంటుమిల్లి వదిన కాలవలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి, తడి చేతులతో నా కొంగు సర్దింది. "ఒసేవ్, ఉత్తరం రాస్తే రథం వస్తుందంటే నేనూ నేర్చుకుందును కదే!" (తర్వాత సంవత్సరం నేర్చుకుంది. అది వేరే రామాయణం.)

గుడివాడలో వాళ్ళ హాల్లో చాప పరిచి, కారులో వెంట తెచ్చిన రెండో జత తెరలు పరిచి, మామ్మగారు నా పక్కనే కూర్చున్నారు. ముందు రుక్మిణి రాశాను, ఆవిడ నాకు అచ్చొచ్చిన తల్లి కదా. తర్వాత సీత, సావిత్రి. దమయంతి దగ్గర కలం ఆపి, పేరు ఒకసారి వేలితో గాల్లో రాసి చూసుకున్నాను. మామ్మగారు రంగు గిన్నె కాస్త నా దగ్గరికి జరిపారు. ద్రౌపది పూర్తయ్యాక ఆవిడ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంటూ, "మీ అమ్మమ్మ ఉంటే బాగుండేది" అన్నారు. నేను బల్ల దగ్గర స్థిరపడటమే కాదు, మా షెడ్డులో పేర్లు రాసే పని చాలా ఏళ్ళు నాదే అయింది. శ్రావణంలో మండపానికి పెళ్ళి చూడ్డానికి వెళ్ళినప్పుడు, పెళ్ళికూతుర్ని వదిలేసి ఆ గోడల వంకే చూస్తూ కూర్చున్నాను.

తప్పుల జత మామ్మగారి ముందుగదిలోనే ఉండేది. ఇంటికొచ్చిన చదువుకున్నవాళ్ళకు దాంతోనే పరీక్ష పెట్టేవారట, తప్పెక్కడుందో చెప్పమని. సగానికి సగం మంది పేర్లు చదివి, బాగుందండీ అని వెళ్ళిపోయేవారట. బొమ్మలు ఎవరూ చూడరని నవ్వేవారు. ఆవిడ పోయాక వాళ్ళ కోడలుగారు అయిదు తెరలూ మడతపెట్టి నాకు పంపారు. పైన చిన్న కాగితం, మామ్మగారి రాత: "కథలు తెలిసిన పిల్లకి."

ఇప్పుడవి మా ఇంట్లో గోడ మీద ఉన్నాయి. నాకూ కళ్ళజోడు వచ్చింది. ఎర్ర రంగు కాస్త వెలిసింది గాని ఆ నలుపు, బాబాయ్ గారు చెప్పినట్టే, దేనికీ లొంగలేదు. మొన్న పొద్దున్న ఎందుకో ఆ పేర్లు సరిచేద్దామనిపించింది. గిన్నెలో రంగు కలుపుకుని, వెదురు కలం చెక్కుకుని, స్టూలెక్కి, దమయంతి పేరు పడ్డ ద్రౌపదమ్మ తెర ముందు నిలబడ్డాను. ఆ వంకర అచ్చు పక్కనే, ఎవరో వేలు ఆనించిన నల్లటి మరక ఉంది. అది నాదే. అచ్చు సరిగ్గా పడిందో లేదోనని, టీ గ్లాసు అందుకునే ముందు తాకి చూసుకున్న వేలు. ఆ మరక మీద వేలు పెట్టి చూశాను. ఇప్పటి వేలికి అది కాస్త చిన్నదే. స్టూలు దిగి, కలం కడిగి ఎండలో పెట్టి, టీ పెట్టుకున్నాను. అది చల్లారేలోగా, దమయంతినీ ఆవిడ అయిదుగురు మొగుళ్ళనూ చూస్తూ తాగేశాను.