డిస్క్ అందని పరుగు

సిటీ బస్సు నడిపే ఆవిడకి నలభై మూడేళ్ళు. వారానికి ఆరు రోజులు బస్సు, రెండు సాయంత్రాలు ఫ్రిస్బీ, అంటే పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్క్‌ని విసిరి పట్టుకునే జట్టు ఆట. డిపోలో టీ గ్లాసులు బల్లమీద వరసగా పేర్చి, ఒక గ్లాసుని దూరంగా జరిపి, చూశారా ఇక్కడ ఎంత ఖాళీ వచ్చిందో అని తోటి డ్రైవర్లకి పాఠం చెప్పేది. వాళ్ళు తలూపి ఎవరి గ్లాసు వాళ్ళు తీసుకుని తాగేసేవారు.

ఆవిడ చెప్పేదాంట్లో బ్రహ్మవిద్య ఏమీ లేదు. డిస్క్ చేతిలో ఉన్న మనిషి నడవకూడదు, ఎదుటివాళ్ళు పది అంకెలు లెక్కపెట్టేలోగా విసిరెయ్యాలి. మైదానం చివరి గీత అవతల పట్టుకుంటే పాయింట్. మిగతావాళ్ళే పరిగెత్తి ఖాళీ చోటు వెతుక్కోవాలి. ఆ పరుగునే కట్ అంటారు. అందరూ డిస్క్ కోసం ఎగబడితే సంతలా తయారై ఎవరికీ అందదు. అందుకని ఒకరు కావాలనే దూరంగా పరిగెత్తి, తనని కాపలా కాసే మనిషిని వెంట లాక్కుపోవాలి. వెనక మిగిలిన చోట్లోకి ఇంకొకరు వస్తారు. ఆ మొదటి పరుగు ఈవిడది. దానికి చప్పట్లు ఉండవు.

జట్టు కెప్టెన్ స్వయానా ఆవిడ ఆడపడుచు. పెద్ద పోటీకి పద్నాలుగు మందిని తీసుకెళ్ళాలి, పదమూడు పేర్లు తేలిపోయాయి. ఆఖరి చోటు వదినకా, ఇరవయ్యేళ్ళ రాకెట్‌కా అన్నదే తగువు. కాళ్ళలో అంత వేగం ఉంది కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు. బంధుత్వం చూసిందన్న మాట పడకూడదని, ఆదివారం ఆటలో ఎవరు ఎక్కువసార్లు డిస్క్ పట్టుకుంటే వాళ్ళేనని కెప్టెన్ అందరి ముందూ చెప్పేసింది. డ్రైవరమ్మకి ఒళ్ళు మండింది. అన్నం వడ్డించిన మనిషిని వదిలేసి, తిన్నవాళ్ళ విస్తళ్ళు లెక్కపెడతారా అనుకుంది. పైకి మాత్రం సరేనంది. తన ఆట మీద ఆవిడకి అనుమానం లేదు.

ఆదివారం ఆవిడ ఎప్పటిలాగే ఆడింది. డిస్క్ కెప్టెన్ చేతికి రాగానే దూరంగా పరుగు తీసేది, ఎదుటి జట్టులో జడ బిగించుకున్న అమ్మాయి వెంటపడేది. ఖాళీ అయిన చోట్లోకి రాకెట్ దూసుకొచ్చి పట్టేది. అలా ఐదుసార్లు. రాకెట్‌కి ఐదు, ఆవిడకి సున్నా. ప్రతి పరుగుతోనూ తన చోటు ఆ పిల్ల చేతిలో పెడుతున్నానని ఆవిడకి తెలుసు. రెండుసార్లు ముందుకు పోకుండా అక్కడే ఆగిపోవాలనిపించింది కూడా. ఆగితే దారి మూసుకుపోతుంది. ఆగలేదు.

పన్నెండు, పన్నెండు. ఆఖరి పాయింట్. జడ అమ్మాయికి విసుగొచ్చినట్టుంది. ఈవిడకి ఎలాగూ విసరరని తీర్మానించుకుని రాకెట్ దారికి అడ్డం నిలబడింది. డ్రైవరమ్మ మామూలుగానే పరుగెత్తి, బస్సులో అద్దం చూసే అలవాటు కొద్దీ మెడ తిప్పింది. వెనక ఎవరూ లేరు.

చెయ్యెత్తింది. కెప్టెన్ ఎదుట లెక్క నడుస్తోంది, ఆరు, ఏడు. వదినకి అంత దూరం కెప్టెన్ ఏనాడూ విసరలేదు. ఎనిమిది అనేసరికి విసిరింది. డిస్క్ కొంచెం ఎడమకి వాలింది. డ్రైవరమ్మ గీత దాటి, రెండు చేతులా పట్టుకుని ఆగింది. గెలిచారు.

ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి గుండ్రంగా నిలబడి, ఎదుటి జట్టులో తమని ఎక్కువ కష్టపెట్టింది ఎవరో చెప్పడం వాళ్ళ పద్ధతి. జడ అమ్మాయి ముందుకొచ్చింది. అందరూ రాకెట్ వైపు చూశారు.

"ఈ అక్క," అని డ్రైవరమ్మని చూపించింది. "పొద్దున్నించి ఈవిడ వెనకే పరిగెత్తాను, కాళ్ళు పడిపోయాయి. ఒక్కసారి వదిలేశాను, ఓడిపోయాం. మీకు అక్కర్లేకపోతే మాకిచ్చెయ్యండి."

ఎవరెన్ని పట్టారో రాసుకున్న కాగితాన్ని కెప్టెన్ మడిచేసింది. తర్వాత వదిన దగ్గరికొచ్చింది.

"తప్పు లెక్క వేశాను వదినా. పద్నాలుగో పేరు నీదే రాస్తున్నా."

"రాయి," అంది డ్రైవరమ్మ. పోనీ ఆ పిల్లని తీసుకెళ్ళు అనే మాట ఆవిడ నోటిదాకా రాలేదు. సంపాదించుకున్న చోటు అది.

రాకెట్ గట్టుమీద కూర్చుని ఏడుస్తోంది. డ్రైవరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. గురువారం సాయంత్రం ఒక గంట ముందు రమ్మంది, డిస్క్ లేకుండా పరిగెత్తడం నేర్పుతానంది.

"ఐదు పట్టినా నన్ను తీసుకెళ్ళట్లేదు," అంది రాకెట్ ముక్కు తుడుచుకుంటూ. "అసలు డిస్కే రాని పరుగు ఎవరు చూస్తారక్కా?"

"నీ వెనక పరిగెత్తేవాళ్ళు చూస్తారు," అంది డ్రైవరమ్మ.