తను చల్లిన ఉప్పే
మంచు దట్టంగా కురిసే అయొమొరి పట్టణంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లే లారీ నడుపుతాడు నరూమి. మంచును కరిగించే ఆ ఉప్పే ఆయన పాత స్పోర్ట్స్ కారు సస్పెన్షన్‌ను తినేసింది. సెలవు దొరికితే చాలు, ఇంటి ముందు కారు కింద వెల్లకిలా పడుకుంటాడు. కళ్లలో తుప్పు రాలుతున్నా, మొండికేసిన బోల్టును వేడి చేస్తాడు, సుత్తితో కొడతాడు, మళ్లీ వేడి చేస్తాడు.

“మీరు చల్లిన ఉప్పేగా, అనుభవించండి. ఈ ఏడు మన వీధైనా వదిలెయ్యండి,” అంది ఒకరోజు భార్య సచియె, టీ తెచ్చిపెడుతూ.

“కారుదేముందే, విప్పి మార్చుకోవచ్చు. పక్కింటి ముసలమ్మ జారిపడితే ఆ నడుం ఎవరు మారుస్తారు?” అన్నాడు కింద నుంచే.

ఆ సాయంత్రానికి బోల్టు కదిలింది. కొత్త భాగాలు అమర్చి, కారును నేలకు దించి, చక్రాల మీద బరువు పడ్డాకే బోల్టులను ఆఖరుగా బిగించాడు.

తొలిమంచు పడిన ఉదయం కారు మీద పరదా కప్పి లారీ ఎక్కాడు. తన ఇంటి ముందు ఏటవాలు దారి రాగానే వేగం తగ్గించి, ఉప్పు మరింత దట్టంగా చల్లాడు.