కదలని పెట్టె

గిటారు స్పీకర్లకు పెట్టెలు చేసే ఆ వడ్రంగి ఏ చెక్కనూ చూసి నమ్మడు. వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాక గాని రంపం పట్టడు. మూలలను పళ్ళు పళ్ళుగా కోసి ఒకదాంట్లో ఒకటి దిగేసి అతికిస్తాడు. మోగాల్సింది స్పీకరే గాని పెట్టె వణకకూడదు; మూలకు మేకు కొట్టడం ఆయన లెక్కలో దొంగపని. ఆ సాయంత్రం, మర్నాడు కచేరీకి వెళ్ళాల్సిన పెట్టెలో స్పీకరు బిగించి, గిటారు లావు తీగ మీటాడు. ఎక్కడో సన్నగా గలగలమంది. ముఖం మాడ్చుకుని వెనక పలక ఊడదీశాడు, మరలన్నీ తిరగబిగించాడు, మళ్ళీ మీటాడు. అదే చప్పుడు. భార్య వచ్చి గూట్లోని స్టీలు గ్లాసు ఎత్తి పట్టుకుంది. చప్పుడు ఆగింది. గ్లాసులో ఆయన కట్టుడు పళ్ళున్నాయి.

"ఇంట్లో అన్నీ వణుకుతున్నాయి, మీ పళ్ళతో సహా. ఆ పెట్టె ఒక్కటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది" అంది.

ఆయన పళ్ళు పెట్టుకుని, తీరిగ్గా అడిగాడు.

"ఏమన్నావ్? మళ్ళీ అను."