రంగు మారేంత వరకు

మొన్న హిందూపురంలో మా కూతురింటి వసారాలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నాను. ఒళ్లో ఉన్న ఫోను టింగుమంది. మట్టి చేతులతోనే తెరిచాను. మనవరాలి కాలేజీ నుంచి 'మీ అభిప్రాయం తెలపండి' అని ఒక లింకు. ఆ పిల్లకింకా సొంత ఫోను లేదు, కాలేజీలో నా నంబరే ఇచ్చారు. ఆ టింగుమనే శబ్దానికి ఈ వయసులో కూడా నా గుండె గంతులేస్తుంది. ఎందుకో చెప్పాలంటే నాగవేణి మేడం గురించి చెప్పాలి.

నేను పెనుకొండలో ఒక డిగ్రీ కాలేజీలో అటెండరుగా పనిచేశాను. గంట కొట్టడం, ల్యాబు తాళాలు తీయడం, నోటీసులు అంటించడం. అంటించేదాన్నేగాని చదివేదాన్ని కాదు. ఒకసారి నోటీసు తలకిందులుగా అంటించానని పిల్లలు నవ్వితే, "మెడ తిప్పి చదవండి, అరిగిపోరు" అన్నాను. నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాదు. నాగవేణి మేడం కెమిస్ట్రీ చెప్పేది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల, రోజూ రైల్లో వచ్చేది. ఆ రోజు ఆమె నవ్వలేదు. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని టిఫిను తెరిచి, "ఓబులమ్మక్కా, ఈ నోటీసులో నీకు తెల్సిన అక్షరం ఒక్కటి చూపీ" అంది. సున్నా చూపించాను. అక్కడి నుంచే మొదలుపెట్టింది. యాభై దాటినదాన్ని, ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుని చదివేదాన్నయ్యాను.

ఆ తర్వాతి ఏడాది ల్యాబు సాయంత్రానికి మార్చారు. కనగానపల్లి వైపు పల్లెలకు పోయే బస్సు ల్యాబు సగంలో ఉండగానే వచ్చేస్తుంది. అది తప్పితే ఇంకొకటి చీకటి పడ్డాకే. లలిత అనే పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఏమైందే అని అడిగాను.

"మా నాయన చదువు మాన్పిస్తాడంట అవ్వా. చీకట్లో బస్సు దిగే చదువు మనకొద్దంటాడు. బస్సుకు పోతే ల్యాబు మార్కులు రావు, ల్యాబులో ఉంటే ఇంట్లోకి రానీరు."

ల్యాబును పొద్దుటికి మార్చమని మేడం ప్రిన్సిపాల్‌ను అడిగింది. "ఒకరిద్దరి కోసం టైంటేబులు మారుస్తామా? ఎంతమందికి ఇబ్బందో చూపించండి" అన్నాడాయన. మేడం బయటికొచ్చి, "అక్కా, ఫోన్లలో సర్వే పెడదాం రా!" అంది, పండక్కి పిలిచినట్టు.

ఒక్కో ప్రశ్నా రాసి నా చేత చదివించేది. మొదటిది 'ప్రస్తుత రవాణా సదుపాయం ప్రయోగశాల హాజరును ప్రభావితం చేస్తున్నదా?' అని ఉంది. "ఇదేం మంత్రం మేడం? తేలు కుట్టినోళ్లకు చదువుతారే, అదా?" అన్నాను. పడీపడీ నవ్వి అది చెరిపేసి, 'ల్యాబు అయ్యేంత వరకు ఉండగలుగుతున్నారా?' అని రాసింది. పేరు అడిగే గడి తీసేసింది. చివర 'ఇంకేమైనా చెప్పాలా?' అని ఖాళీ చోటు పెట్టింది. కాలేజీలో ఉన్న పిల్లల నంబర్లన్నిటికీ లింకు పంపింది.

మర్నాటికి జవాబులు బోలెడు వచ్చాయి. అందరికీ అంతా బాగుందట! నాకు ఒళ్లు మండింది. "ఏడ్చేదానికి నోరుంటాది గానీ, రాసేదానికి చేతుల్లేవు వీళ్లకు" అని తిట్టాను. మేడం మాత్రం, "మా ఇంట్లో చీర పైవైపు చూసి మెచ్చుకోరక్కా, తిప్పి చూస్తారు" అంటూ ఖాళీ చోట్లో రాసినవి వెతికింది. ఒకటి: 'మా పాపకు ఏ ఇబ్బందీ లేదు.' ఇంకొకటి: 'మా అమ్మాయి బాగా చదువుతోంది, థాంక్సు సార్.' ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. పల్లె పిల్లల్లో చాలామందికి సొంత ఫోను లేదు, కాలేజీకి ఇచ్చింది నాయనల నంబరు. సర్వే రాసింది నాయనలు!

"మళ్లీ మొదట్నుంచి" అంది మేడం. ఆమె ఫోను, నా ఫోను పట్టుకుని మేమే క్లాసులకు పోయాం. మొదటి పిల్లకే నేను ప్రశ్న చదివి, "ఉండలేకుండా పోతాండారు గదా? అట్లనే కొట్టు" అన్నాను. మేడం నన్ను వరండాలోకి లాక్కుపోయింది.

"నువ్వూ వాళ్ల నాయన మాదిరే చేస్తాండావు గదక్కా!"

"నేను పిల్లోళ్ల తట్టే గదా మేడం మాట్లాడేది?"

"యా తట్టైనా అంతే. అడిగినాక ఫోను వాళ్ల చేతికిచ్చి, నోరు మూసుకోని గోడ తట్టు తిరుక్కో."

నోరు మూసుకోమని నాకు చాలామంది చెప్పారు. నేను మూసుకున్నది ఆమె మాటకొక్కదానికే.

గోడ తట్టు తిరిగి నిలబడ్డాను. వెనక గుసగుసలు. "ఏమే, అవ్వ నిజంగానే చూడ్డంలేదు!"

"చూడను లేవే, రాయండి!" అన్నాను గోడతోనే.

మధ్యాహ్నం స్టాఫు రూములో మేడం ల్యాప్‌టాప్ తెరిచింది. మా ఫోన్లు క్లాసులోనే వదిలి వచ్చాం, మిగతా పిల్లలు ఇంకా రాస్తూనే ఉన్నారు. జవాబు వచ్చినప్పుడల్లా టింగు. 'ఉండలేకపోతున్నాం' అనే గీత వాన పడిన కందిచేను మాదిరి పైపైకి లేస్తోంది. "పెరుగుతాండాది మేడం, పెరుగుతాండాది!" అని అరిచాను. ఖాళీ చోట్లో ఒక జవాబు వచ్చింది. మేడం చదవబోయి ఆగి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. వేలు పెట్టుకుని చదివాను.

'గాజు గొట్టంలోంచి చుక్క చుక్క వేస్తాం. బస్సు హారన్ వినపడితే వదిలేసి పరిగెత్తుతాం. రంగు మారేది మేం ఎప్పుడూ చూడలేదు.'

ఒకరి మనసులో మాటను, ఇంకొకరు చదివి చెప్పకుండా నా అంతట నేను తెలుసుకున్నది అదే మొదలు. ప్రిన్సిపాల్ కూడా గీతలన్నీ చూసి, చివరికి ఆ మాట దగ్గరే ఆగాడు. "సోమవారం నుంచి ల్యాబు పొద్దున పెట్టండి" అన్నాడు.

ఆ సోమవారం తాళం నేనే తీశాను. తీసి పోకుండా అక్కడే నిలబడ్డాను. లలిత బల్ల చుట్టూ పిల్లలు మూగారు. లలిత గాజు గొట్టంలోంచి వదులుతోంది. ఒక చుక్క, ఇంకో చుక్క. రంగు లేని నీళ్లు ఉన్నట్టుండి గులాబీ రంగుకు తిరిగాయి. "మారింది! అవ్వా, మారింది!" అని లలిత కేక వేసింది. నాగవేణి మేడం కిటికీ తట్టు తిరిగి నిలబడింది. ఆ మాట రాసింది ఎవరని మేమిద్దరం ఎప్పుడూ అడగలేదు.

తర్వాత ఆమె బదిలీ మీద పోయింది, నేను రిటైరయ్యాను. మొన్న వచ్చిన లింకు చూసి మా అల్లుడు, "అన్నీ బాగుండాయని కొట్టేయండత్తా, దాన్కింత ఆలోచనా?" అన్నాడు. నేను చేతులు తుడుచుకుని మనవరాలిని పిలిచి ఫోను ఇచ్చాను.

"ఏం రాయాలవ్వా?"

"నన్నడుగుతావేమే? కాలేజీకి పోయేది నువ్వా, నేనా?"

చెనక్కాయల చేట తీసుకుని గోడ తట్టు తిరిగి కూర్చున్నాను. వెనక వేళ్ల చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. ఆ పిల్ల చాలాసేపు రాసింది.