కేశవరావు గారూ, పదిహేను సున్నాలూ

కేశవరావు గారికి ‘సుమారు’ అనే మాటంటే ఒళ్లు మంట.

కొలత పరికరాలు సరిచూసే లాబ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. అల్ఫారెట్టాలో ఆయన ఇంటి బేస్‌మెంట్ అద్దెకు అడగడానికి వచ్చిన రోజే, ఎమ్మెస్ చదువుతున్న శ్రుతికి ఆ సంగతి తెలిసిపోయింది.

“బస్‌స్టాప్ ఎంత దూరం అంకుల్?”

“పాయింట్ ఎనిమిది మూడు మైళ్లు. వానొస్తే మలుపులో నీళ్లు నిలుస్తాయి, చుట్టూ తిరగాలి. అప్పుడు పాయింట్ ఎనిమిది ఐదు.”

శ్రుతి నవ్వింది. ఆయన నవ్వలేదు.

వయసడిగితే అరవై ఏడు పాయింట్ నాలుగు అంటారు. భార్య వేద మేడ మీంచి “ఐదు నిమిషాల్లో వస్తున్నా” అని కేకేస్తే, కింద వాచీ చూస్తూ నిలబడి, ఆవిడ దిగగానే “పద్దెనిమిది పాయింట్ రెండు” అని ప్రకటిస్తారు. ఒకసారి భోజనానికొచ్చిన డాక్టరు గారు “మీ బీపీ దాదాపు నార్మలే” అంటే, ఆ దాదాపు ఎంతో తేలేదాకా ఆయన విస్తట్లో పెరుగు పడనివ్వలేదు.

“ఈయనతో నలభై ఏళ్లు కాపురం చేశానమ్మా,” అనేది వేద శ్రుతితో.

“ముప్ఫై తొమ్మిది పాయింట్ ఆరు,” అని వినిపించేది పక్క గదిలోంచి.

ఆ వేసవిలో ఊళ్లోని తెలుగు సంఘం ఆవకాయ పోటీ పెట్టింది. మార్కులు ఎక్కించే వెబ్‌సైట్ శ్రుతి తయారు చేసింది. సంఘం అధ్యక్షుడు జగదీష్ పెద్ద కంపెనీలో మేనేజరు. “సైట్ బాగా నడిస్తే మా టీమ్‌లో ఇంటర్న్‌షిప్‌కి రిఫర్ చేస్తానమ్మా,” అన్నాడు. అప్పటికే శ్రుతికి నూట పన్నెండు కంపెనీలు సారీ చెప్పి ఉన్నాయి.

పోటీకి వారం ముందు కేశవరావు గారు ఆమె లాప్‌టాప్‌లోకి తొంగి చూశారు.

“డేటాబేస్‌లో మార్కుల కాలమ్ ఏ టైపు?”

“ఫ్లోట్ అంకుల్.”

“ఫ్లోటా! అది పాయింట్ ఒకటిని పాయింట్ ఒకటిగా దాచలేదమ్మా. దానికి దగ్గర్లో ఉన్న ఇంకేదో అంకె దాస్తుంది. డెసిమల్ పెట్టు. రాసిన అంకె రాసినట్టే ఉంటుంది.”

“తేడా ఎక్కడో పదిహేడో స్థానంలో వస్తుంది అంకుల్. మనం వేసేది పచ్చడికి మార్కులు. రాకెట్ వదలట్లేదు కదా?”

“రాకెట్‌కి రోషం ఉండదు. పచ్చడి పెట్టినవాళ్లకి ఉంటుంది.”

శ్రుతి సరేనంది. కానీ మార్చలేదు.

కమ్యూనిటీ హాల్లో ఇరవై మూడు జాడీలు కొలువుదీరాయి. ఆఖరికి ఇద్దరు సమానంగా మిగిలారు. ఒకరు వేద. రెండోవారు కూతురింట్లో ఉంటున్న ధనమ్మ. ఎవరో ఒకరు తేలాలని ఇద్దరు జడ్జీలనీ అర మార్కు లోపల మళ్లీ వేయమన్నారు. వేదకి ఒకరు పాయింట్ ఒకటి, ఇంకొకరు పాయింట్ రెండు వేశారు. ధనమ్మకి మొదటి జడ్జి పాయింట్ మూడు వేశాడు. రెండో జడ్జి ఆవిడ ఆవకాయ నోట్లో పెట్టుకుని, రెండు గ్లాసుల నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని సున్నా వేశాడు.

శ్రుతి బటన్ నొక్కింది. తెర మీద వేద పేరు మొదట వెలిగింది. చప్పట్లు. బహుమతిగా వెట్ గ్రైండర్.

ధనమ్మ లేచి నిలబడింది. “ఒకటీ రెండూ మూడే కద నాయనా? నాదీ మూడే. మరి నేనెట్టా ఓడిపోయా?”

“కంప్యూటర్ తప్పు చెప్పదండీ,” అన్నాడు జగదీష్.

“తప్పే చెప్పింది!” వెనక వరసలోంచి కేశవరావు గారు లేచారు.

వేద ఆయన చొక్కా పట్టుకుని లాగింది. “కూర్చోండి! గెలిచింది నేను!”

“తెలుసు. పాయింట్ మూడు తర్వాత పదిహేను సున్నాలు, ఆ పైన ఒక నాలుగు. ఆ నాలుగుతో గెలిచావు. అది జడ్జీలు వేసింది కాదు, ఫ్లోట్ వేసింది.”

హాలంతా గొల్లుమంది. జగదీష్ మాత్రం నవ్వలేదు. “ఆ ఫ్లోట్ పెట్టిందెవరు? శ్రుతీ, నువ్వేనా?”

శ్రుతికి నూట పదమూడో ‘సారీ’ కళ్ల ముందు కనపడింది. పైగా, ముందే చెప్పానని అంకుల్ అనడమే తరువాయి.

“ఆ అమ్మాయి డెసిమల్ పెడతానంది,” అన్నారు కేశవరావు గారు. “పచ్చడికి అదెందుకు, ఫ్లోట్ చాల్లే అని నేనే అన్నాను.”

“మీరా? చాల్లే అన్నారా?” అన్నాడు జగదీష్.

“అన్నాను. పొరపాటే. ఇప్పుడు ఆ పిల్లే సరిచేస్తుంది చూడండి.”

శ్రుతి కాలమ్ డెసిమల్‌కి మార్చి, మార్కులన్నీ మళ్లీ ఎక్కించింది. ఈసారి ఇద్దరికీ సరిగ్గా పాయింట్ మూడు. ఇద్దరిదీ మొదటి స్థానమే.

వేద మొగుణ్ని ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. తర్వాత గ్రైండర్‌ని ధనమ్మ వైపు జరిపింది. “మీరే తీసుకోండి పిన్నిగారూ. మా ఇంట్లో రుబ్బడానికి ఈయనున్నారు.”

తప్పుని అంత తొందరగా సరిదిద్దినందుకు జగదీష్ ఆ సోమవారమే శ్రుతిని రిఫర్ చేశాడు. ఇంటర్న్‌షిప్పూ వచ్చింది. కేశవరావు గారికి మాత్రం ఊళ్లో పేరు మారిపోయింది. “ఫ్లోట్ రావు గారూ, ఇటు రండి!” అని ఎవరో ఒకరు పిలవని పార్టీ లేదు.

తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో శ్రుతి ఇక ఉండబట్టలేకపోయింది. “అంకుల్, ఇవాళ అందరికీ నిజం చెప్పేస్తాను.”

ఆయన తన ప్లేట్లోంచి ఓ గారె తీసి ఆమె ప్లేట్లో వేశారు. “ముందు అది తిను. నోరు ఖాళీగా ఉంచకు.”

అవతలినుంచి పిలుపు వినబడింది. “ఫ్లోట్ రావు గారూ!”

“ఆఁ, వస్తున్నానండీ,” అంటూ ఆయన అదే తన అసలు పేరన్నంత హుషారుగా అటు నడిచారు.