జైబున్నీసా చుట్టిన మోటారు

వైరు పట్టుకునే ముందు జైబున్నీసా కుడిచేతి బొటనవేలినీ చూపుడువేలినీ కొంగుకు తుడుచుకుంటుంది. మూడుసార్లు. తర్వాత కళ్లు మూసుకుంటుంది. వైరు ఆ రెండు వేళ్ల మధ్య నుంచి మెల్లగా జారుతుంది. నూరు అడుగులుంటే నూరు అడుగులూ జారాలి. మధ్యలో ఎవరు పిలిచినా పలకదు.

ఆ అలవాటు ప్రొద్దుటూరులో పుట్టింది. వాళ్ల నాన్న అక్కడ కాలిన మోటార్లకు కొత్త వైరు చుట్టేవాడు. బోరు మోటారు నీళ్లలో మునిగి తిరుగుతుంది. లోపలి రాగి వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఆ తొడుగుకు సూదిమొనంత చిల్లి పడినా చాలు, మోటారు మాడుతుంది. నాన్న ఒక వైరును ఎక్కడో సూదితో గుచ్చి కూతురి చేతికిచ్చేవాడు. "యాడుందో చెప్పు" అనేవాడు. కళ్లు తెరవకూడదు. మొదటి ఏడాది ఆమెకు ఒక్కటీ దొరకలేదు. రెండో ఏడాది పదింటిలో మూడు దొరికాయి. నాలుగో ఏడాది నాన్న గుచ్చడం మానేశాడు.

"ఇంక నా సూది నీకు చాలదు" అన్నాడు.

పని గురించి ఆమె విన్న మెప్పు అదొక్కటే.

పెళ్లయి పులివెందుల వచ్చింది. భర్త హుసేన్‌పీరా బోర్లలోకి మోటార్లు దింపేవాడు, ఎత్తేవాడు. భుజబలమున్న మనిషి, వేళ్లు మొద్దు. అంగడి పెట్టినప్పుడు ముందుగదిలో పీరా కూర్చున్నాడు. వెనకగదిలో జైబున్నీసా చుట్టింది. ఆడమనిషి చుట్టిందంటే ఏ రైతూ మోటారు ఇవ్వడని ఇద్దరికీ తెలుసు. ఏడేళ్లలో పీరా మోటారంటే లింగాల దాకా పేరు పడింది. ఆ పేరు ముందుగదిలోనే ఆగిపోయేది.

అప్పట్లో ప్రతి ఊళ్లోనూ రెండు పార్టీలు. ఒకరు టీ తాగే అంగట్లో ఇంకొకరు తాగరు. ఒకరికి గడ్డం గీసిన మంగలి ఇంకొకరి గడప తొక్కడు. పీరా దగ్గరికి మాత్రం రెండు వైపులవాళ్లూ వచ్చేవాళ్లు, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. నీళ్లు లేని చీనీ చెట్టు, అదే బత్తాయి, పార్టీ చూసి ఎండదు.

తొంభై ఆరు వైశాఖంలో ఒక మధ్యాహ్నం లింగాల నుంచి ట్రాక్టరు వచ్చి అంగడి ముందు ఆగింది. చిన్నసుబ్బయ్య దిగాడు. గొర్రెలు మేపి, బోరు వేసి, మూడు వందల చీనీ చెట్లు పెంచిన మనిషి. తన పార్టీలో మాట చెల్లేవాడు. వెంట అన్న కొడుకు కుళ్లాయప్ప, ఇంకా నలుగురు. నలుగురి చేతుల్లో కట్టెలున్నాయి. ట్రాక్టరులో మోటారు ఉంది. పీరా దాన్ని బోరులోకి దింపి ఎనిమిది రోజులే అయింది.

"పీరా, ఎన్నేండ్లాయప్పా నీకాడికి మోటార్లు తెస్తాండేది?" అన్నాడు చిన్నసుబ్బయ్య. గొంతు పెంచలేదు.

"ఏడేండ్లు మామా."

"ఎనిమిది దినాలకు కాలిన మోటారు ఒకటన్నా ఉందా?"

"ల్యా."

"నెల కిందట ఆ పార్టీవాళ్లదీ నువ్వే చుట్టినావు. అది సల్లగా తిరుగుతాంది. నాది కాలె. ఎట్లప్పా?"

"అడిగేదేంది చిన్నాయనా" అన్నాడు కుళ్లాయప్ప. "వాళ్లు చెప్పినారు, ఈయప్ప చేసినాడు. మన చెట్లు ఎండితే వాళ్లకు పండగ. వాళ్ల తోట ఈ పొద్దే నరికేస్తే సరిపోతాది."

ఆ మనుషులు ఏం చేస్తారో పీరాకు తెలుసు. ఏదో ఒకటి చెప్పాలి.

"వైరు... వైరు నాసిదేమో మామా. వేరే వైరేసి మళ్లా చుట్టిస్తా."

వెనకగదిలో జైబున్నీసా ఆ మాట వింది. ఆ మాటతో గండం గట్టెక్కవచ్చు. చిన్నసుబ్బయ్య నమ్మితే నమ్ముతాడు. కాని ఆ వైరులో ప్రతి అడుగూ ఆమె వేళ్ల మధ్య నుంచి పోయింది. అది నాసిది కాదు. అంతకంటే పెద్ద సంగతి, కుళ్లాయప్ప వైరు మాట నమ్మలేదు. తలుపు సందులోంచి చూస్తే కట్టెలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి.

ఆమె కొంగు సర్దుకుని ముందుగదిలోకి వచ్చింది.

"వైరు మంచిదే" అంది. "చుట్టింది నేను. అడిగేది నన్నడుగన్నా."

పీరా తల తిప్పుకున్నాడు. కుళ్లాయప్ప నవ్వాడు.

"ఆడమనిషొచ్చి మోటారు పురాణం చెప్తాందే."

"పురాణం కాదులేప్పా, మోటారు విప్పుతా. నీకు కండ్లుండాయి గదా" అంది. తర్వాత చిన్నసుబ్బయ్య వైపు తిరిగింది. "విప్పకముందే ఒక మాట చెప్తాండా, తర్వాత మార్చినాననేదానికి ల్యాకుండా. నా చేతి తప్పయితే వైరు ఒక్కచోట మాడుంటాది. కరెంటు తప్పయితే మూడు ఫేజులకు చుట్టిన మూడు వంతుల్లో రెండు మాడి, ఒక వంతు నేను చుట్టిన దినం ఎట్లుండెనో అట్లే ఉంటాది. ఒక్కచోట మాడుంటే ఈ అంగడికి బీగం నువ్వే వేసుకో."

చిన్నసుబ్బయ్య ట్రాక్టరులోంచి మోటారు దింపించాడు. "విప్పు" అన్నాడు.

పీరా బోల్టులు తీశాడు. ఆమె లోపలికి చేయి పెట్టింది, వేళ్లతో చుట్టూ తడిమింది. తర్వాత పక్కకు జరిగింది.

చిన్నసుబ్బయ్య వంగి చూశాడు. రెండు వంతుల వైరు బొగ్గయింది. వాటి మధ్య ఒక వంతు పసుప్పచ్చగా, కొత్తగా మెరుస్తోంది.

"ఒక ఫేజు ఫ్యూజు పోయింది. మోటారు రెండింటి మీదనే లాగింది" అంది జైబున్నీసా. "అట్లయినప్పుడు స్టార్టరు దానంతటదే పడిపోయి, కరెంటు తెంపి మోటారు నిలబెట్టల్ల. మీ స్టార్టరు పడల్యా. పడకుండా దాంట్లో ఎవరో పుల్ల పెట్టింటారు."

చిన్నసుబ్బయ్య నిలబడి అన్న కొడుకును చూశాడు. తోటకు నీళ్లు పెట్టేది కుళ్లాయప్పే.

"పెట్టినావా?"

కుళ్లాయప్ప నేల చూశాడు. "చింతపుల్ల చిన్నాయనా. కరెంటిచ్చేది తెల్లారుజామున. మాటిమాటికి పడిపోతాంది. పడినప్పుడంతా వంక దాటి స్టార్టరు డబ్బా కాడికి పోవల్ల. ఆరు దినాల కింద మన బాలన్నను వాళ్లు నరికింది ఆ వంకలోనే గదా."

"భయమాయనా?"

"ఆయ."

కట్టెలు పట్టుకున్న నలుగురిలో ఎవరూ నవ్వలేదు. ఒకడు తన కట్టెను గోడకు ఆనించాడు.

చిన్నసుబ్బయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఏడేండ్ల నుంచి నా మోటార్లన్నీ నువ్వే చుట్టినావా పాపా?"

"నేనే అన్నా."

"వాళ్లవి?"

"వాళ్లవీ నేనే."

"వాళ్లదానికి ఒక్క చుట్టన్నా తక్కువేయల్యా?"

"తక్కువేస్తే మోటారు కాలుతాదన్నా. అప్పుడు నాకు పని రాదంటారు."

చిన్నసుబ్బయ్య మెల్లగా నవ్వాడు. ట్రాక్టరు వైపు నడుస్తూ పీరా భుజం తట్టాడు. "ఇంత పనిమంతురాల్ని దాచిపెట్టినావు గదప్పా. మోటారు ఈడే ఉంటాది. ఆమే చుట్టల్ల. వేరేవాళ్లు ముట్టితే నేను ఒప్పుకోను."

ట్రాక్టరు పోయింది. పీరా విప్పిన బోల్టులు ఏరి ఒకచోట పెట్టాడు. తర్వాత, "వైరు నాసిదన్నందుకు ఏమనుకోవాకు" అన్నాడు. ఆమె మాడిన వైరు లాగడం మొదలుపెట్టింది. ఆ పూట ముందుగదిలోనే, వాకిలి వెలుతుర్లో కూర్చుని లాగింది.

మరుసటి రోజు పొద్దున తొలి బస్సుకు పీరాను వెంటబెట్టుకుని లింగాల పోయింది. స్టార్టరు సరిచేయకుండా కొత్త వైరు చుట్టడం ఆమెకు పనిలా కనిపించలేదు. కుళ్లాయప్ప వంక దాకా ఎదురొచ్చాడు. మెయిన్ దించి, డబ్బా తెరిచి, చింతపుల్ల పీకి, స్టార్టరును పడేసే రిలేను మాటిమాటికి పడకుండా సరిచేసింది. ఎక్కడ తిప్పితే ఎంతకు పడుతుందో కుళ్లాయప్ప వేలు పట్టించి చూపింది. పక్క తోట డబ్బా తెరిచింది. అందులో వేపపుల్ల ఉంది. దాని పక్క తోటలోనూ అంతే.

గట్టు దగ్గర కుళ్లాయప్ప ఆగిపోయాడు.

"అక్కా, అవతల తోటలు మనోళ్లవి కాదు."

"మోటార్లు నావే గదప్పా" అని ఆమె గట్టు దాటింది.

అవతల చెట్టు కింద కూర్చున్న మనిషి కట్టె తీసుకుని లేచాడు. పీరాను గుర్తుపట్టి మళ్లీ కూర్చున్నాడు. ఆ వైపు ఆమె నాలుగు డబ్బాలు తెరిచింది. మూడింట్లో పుల్లలున్నాయి. ఒక్కొక్కటీ పీకి, రిలే సరిచేసి, ఐదో డబ్బా వైపు నడిచింది.